మ్యాపు చూసింది ఎవరు?

జెబా అబ్బాకు,

సలాం. ఇక్కడ స్కూలు క్వార్టర్‌లో నేనూ జెబా, పాల్వంచలో మీ అమ్మీ, ముగ్గురం ఆరోగ్యంగానే ఉన్నాం. నాగ్‌పూర్‌లో మీకూ ఏ లోటూ లేదనుకుంటాను.

మీ ఉత్తరం మంగళవారం బస్ డ్రైవర్ ఇచ్చి వెళ్లాడు. అడిగినవాటికి ముందు జవాబులు. దవాఖానాలో ఇచ్చిన మందుతో అమ్మీ మోకాలు తగ్గింది, నన్ను తిట్టే ఓపిక కూడా వచ్చింది. జెబాకు దగ్గు లేదు. మీ నీలం చొక్కా దొరికింది. తపసి బంక సరుకు మంచి ధరకు పోయిందని సంతోషంగా రాశారు. కింద, 'నీ బడి పిల్లలు ఎట్లా చదువుతున్నారు?' అని కూడా అడిగారు. ఎంత ధైర్యమండీ మీకు!

చెప్తాను వినండి. ఏడో తరగతికి నేను పాఠం చెప్పడం తగ్గించి, ప్రశ్న మీరే వేయండన్నాను కదా. "టీచర్, బంక కోసం తపసి చెట్టుకు గాటు పెడ్తం గదా, అది ఎన్నాళ్లకు మానుతది?" అన్నాడు రాంబాబు. నలుగురు నలుగురు జట్టు కట్టారు. ఇళ్లల్లో ముసలివాళ్లను అడిగారు, గాట్లను దారంతో కొలిచారు, కొట్లాడుకున్నారు, ఒకరి తప్పు ఒకరు దిద్దుకున్నారు. చివరికి గోడ నిండా అడవి మ్యాపు గీశారు. ఈ ఊళ్లో ఒకసారి బంక తీసిన చెట్టును రెండేళ్లు ముట్టరు. అట్లా వదిలేసిన చెట్లకు పచ్చ చుక్కలు పెట్టారు.

"ఇది బయటోళ్లకు చూపెట్టొద్దంట టీచర్, మా అవ్వ చెప్పింది" అన్నాడు రాంబాబు. సరేనన్నాను. ఆ ఆదివారం మీరొచ్చారు. మీరు బయటివాళ్లని నాకెట్లా తోస్తుంది? తరగతి గది తాళం తీసి, మురిసిపోతూ ఒక్కో చుక్క ఏమిటో నేనే విడమరిచి చెప్పాను. "నా భార్య గురించి నలుగురికీ గొప్పలు చెప్పుకోవద్దా?" అంటూ మ్యాపుకు ఫోటో తీసుకున్నారు.

పది రోజులకు అడవిలోకి గొడ్డళ్లు దిగాయి. బంక బాగా ఊరి ఉంటుందని పచ్చ చుక్క చెట్లనే ఏరి ఏరి, బెత్తెడు లోతు నరికారు. రాంబాబు అవ్వ ముత్తక్క ఆ మానుల మీద చెయ్యేసి, "ఇవి ఇగ బతకయి బిడ్డా" అంది. ఎవరి పనో నాకు అప్పుడు తెలియదు. పోయిన వారం పాల్వంచ వెళ్తే మీ తమ్ముడు అజారుద్దీన్ నవ్వుతూ, "భాభీ, మీ పిల్లల మ్యాపు మస్తు పనికొచ్చింది" అన్నాడు. పన్నెండేళ్లు కాపురం చేసి, నా చేతనే తాళం తీయించి నా పిల్లల్ని దోచుకుంటారా? మీకు మనసెట్లా వచ్చింది?

ఇంకో మాట ఉంది. రాయడానికి మూడు రోజులుగా చెయ్యి రావడం లేదు.

కళావతి నాన్న జంపయ్య పాల్వంచ బంక గోదాముల్లో హమాలీ. మ్యాపు సంగతి ఆ పిల్లే మోసిందని తరగతంతా అనుకుంది. ఏ జట్టూ దాన్ని రానివ్వడం లేదు. నలుగురి పనీ ఒక్కతే చేసుకుంటోంది. "టీచర్, మీరెవలికన్న చూపెట్టిన్రా?" అని పిల్లలు నన్ను అడిగారు. అప్పటికి అజారుద్దీన్ మాట విని వచ్చాను, అన్నీ తెలుసు. అయినా లేదన్నాను. ఆ అబద్ధం మీది కాదు, నాది.

నిన్న కళావతి లేచి బోర్డు మీద కొత్త ప్రశ్న రాసింది: 'మ్యాపు చూసింది ఎవరు?' వాచ్‌మన్‌నూ వంటచేసే గంగక్కనూ అడిగింది, తరగతిలో ఒక్కొక్కరినీ అడిగింది, జవాబులు రాసుకుంది. ఇక నేనే మిగిలాను. "టీచర్‌ను మల్ల అడుగుడేంది? లేదన్నది గదా" అన్నాడు రాంబాబు. కళావతి ఒప్పుకోలేదు. "ఎవర్నీ ఇడిసిపెట్టొద్దని టీచరే నేర్పింది" అంది. ఆ మాట నా ఎదురుగానే అంది.

రేపు పొద్దున పదింటికి నా వంతు. మీ పేరు చెప్తాను, మీకంటే ముందు నా పేరు రాసుకోమంటాను. తర్వాత పిల్లలు నన్ను గదిలోకి రానిస్తారో లేదో తెలియదు. మీరు ఊరికి వస్తే ముందు ముత్తక్క గడప దగ్గర నిలబడండి. ఆమె లోపలికి పిలిచే దాకా మా తలుపు తట్టకండి.

ఇట్లు,
జెబా అమ్మీ