నాలుగో కౌంటర్ అలవాటు

అక్కా,

ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఎత్తడం లేదని నీకు కోపంగా ఉంటుందని తెలుసు. ఎత్తితే గొంతును బట్టే సంగతంతా లాగేస్తావని భయం. కాగితం మీదైతే తల దించుకుని చెప్పుకోవచ్చు.

మా బ్యాంకులో ఎనిమిది కౌంటర్లకు ఇప్పుడు ఒక్కటే తెరిచి ఉంది. మిగతా అద్దాల వెనక కుర్చీలు అలాగే ఉన్నాయి. వాటిలో కూర్చునేవాళ్లు టీ తాగడానికి వెళ్లారేమో అనిపిస్తుంది. నేనూ, పొడుగాయన అని మేం పిలిచే పాత గుమాస్తా, ఇద్దరమే మిగిలాం. ఏడాది చివరికి ఒక్కరే ఉంటారన్నారు. మీ మరిది నడుం దెబ్బతిని ఇంట్లో కూర్చున్నాక ఈ ఇల్లు నా జీతంతోనే నడుస్తోందని నీకు తెలియంది కాదు.

పత్రికల్లో కృత్రిమ మేధ అని రాస్తారే, అది మా దగ్గర సంతకాలు సరిచూస్తోంది. మేం దాన్ని కొత్త కోడలు అంటాం. వచ్చిన కొత్తలో నోరు విప్పకుండా అందరి పనీ చూస్తూ ఉండేది. ఏడాది తిరక్కుండా తాళాలన్నీ బొడ్లో దోపుకుంది. దానికి పని నేర్పింది నేనే. ఎనిమిది నెలలు నా ముందుకొచ్చిన ప్రతి సంతకాన్నీ అదీ చూసింది. నేను సరే అని నొక్కితే సరే అని, కాదని నొక్కితే కాదని నేర్చుకుంది. నా అంత అనుభవం ఎవరికీ లేదని మేనేజరు నలుగురిలో మెచ్చుకుంటే పొంగిపోయాను కూడా.

ఇప్పుడు జనం బ్యాంకుకు రానక్కర్లేదు. సంతకం పెట్టిన కాగితాన్ని ఇంట్లోంచే ఫోటో తీసి పంపితే చాలు. కోడలు చూసి డబ్బు పంపేస్తుంది. పోయిన నెల టీచరమ్మ వచ్చింది. ఇరవై రెండేళ్లుగా ప్రతి నెలా మొదటి సోమవారం నా కౌంటరుకే వచ్చే ముసలావిడ. మోకాళ్ల నొప్పులతో నాలుగు నెలలు రాలేకపోయిందట. ఈలోగా ఖాతా ఖాళీ. ఇంట్లో ఉంటున్న మేనల్లుడు ఆవిడ సంతకం పెట్టి కాగితాలు పంపి, దొరికింది పట్టుకుని పోయాడు.

ఆవిడ అరవలేదు అక్కా. అద్దానికి దగ్గరగా వచ్చి, "నేను రాలేదు కదమ్మా, నన్ను చూడకుండా ఎలా ఇచ్చారు?" అని అడిగింది. మిగతాది రాయడానికి ఇవాళ చెయ్యి రావడం లేదు.

నీ చెల్లెలు

అక్కా,

నీ జవాబు అందింది. మనుషులు చేసిన మోసానికి నువ్వెందుకు కుమిలిపోతావని రాశావు. నీకు సగమే చెప్పాను.

ఆ సంతకాలు ఎలా దాటాయో చూద్దామని కంప్యూటర్లో తెరిచాను. తొమ్మిది కాగితాలు. ప్రతిదాని పక్కనా ఒకే మాట ఉంది: వృద్ధ ఖాతాదారు, వణుకు, నాలుగో కౌంటర్ అలవాటు ప్రకారం సరే. నాలుగో కౌంటర్ అంటే నేను. నాకు జ్వరం వచ్చి సెలవు పెట్టిన రోజున కూడా నేను రెండు కాగితాలు సరే అన్నట్టుంది. నేను మంచం మీద ఉన్నాను, నా చూపు మాత్రం బ్యాంకులో కూర్చుని పని చేస్తోంది.

సంగతేమిటో అప్పుడు అర్థమైంది. ముసలివాళ్ల చెయ్యి వణికితే నేను కాగితం చూసేదాన్ని కాదు. తలెత్తి మనిషి ముఖం చూసి, ఆవిడేలే అని సరే నొక్కేసేదాన్ని. కోడలికి ముఖం ఎక్కడ కనిపిస్తుంది? దానికి కనిపించింది కాగితం ఒక్కటే. వణికితే పోలిక లేకపోయినా ఒప్పుకోవాలని నా దగ్గర నేర్చుకుంది.

ఇప్పుడు అసలు సంగతి. మేనేజరు నన్ను గదిలోకి పిలిచి కుర్చీ చూపించాడు. "సంతకం ఆవిడదే మేడమ్, పెట్టి మరిచిపోయి ఉంటుంది. ఆ వయసులో మామూలే. ఇన్నేళ్లుగా చూస్తున్నారు కాబట్టి మీరొక్క మాట రాసిస్తే ఫిర్యాదు ముగిసిపోతుంది," అన్నాడు. బల్ల మీది ఫైళ్లు సర్దుకుంటూ, "ఆ ఒక్క పోస్టుకు మీ పేరే పంపుదామనుకుంటున్నా," అన్నాడు. రెండు మాటలకూ సంబంధం లేనట్టే చెప్పాడు.

రాసిచ్చాను అక్కా. ఆ సంతకాలు ఆవిడవేనని రాసిచ్చాను.

అప్పటినుంచి బస్సులో ఎవరి చెయ్యి వణికినా తల తిప్పేసుకుంటున్నాను. మధ్యాహ్నం ఖాళీ హాల్లో టోకెన్ యంత్రం దానంతటదే ఒక నంబరు పిలుస్తుంది. ఆవిడ లేచి వస్తుందని అటే చూస్తాను. ఎవరూ రారు. మీ మరిదికి చెప్పలేదు. తిండి సయించడం లేదంటే ఎండలకేమో అంటున్నాడు.

నీ చెల్లెలు

అక్కా,

నువ్వు తిడతావనుకున్నాను. తిట్టకుండా, "ఆవిడ ఇల్లెక్కడో తెలుసా?" అని ఒక్క ముక్క రాసి పంపావు. తిట్టినా బాగుండేది.

శుక్రవారం మేనేజరు గదికి వెళ్లి, నేను రాసింది అబద్ధమని ఇంకో కాగితం రాసిచ్చాను. యంత్రం ఎందుకు పొరబడిందో కూడా అందులోనే రాశాను. ఆయన రెండుసార్లు చదివి, "ఇల్లు గడవాలి కదా మేడమ్," అన్నాడు. గడవాలి సార్, అన్నాను. ఆ పోస్టు పొడుగాయనకు వెళ్లింది. ఆయన నా సొరుగులోని సామాన్లు సంచిలో సర్ది, ముఖం చెల్లక నా కుర్చీ మీద పెట్టి వెళ్లిపోయాడు. మీ మరిదికి అంతా చెప్పేశాను. లేచి గోడ పట్టుకుని నడిచి నాకు కంచం పెట్టాడు.

మర్నాడు పొద్దున ఆ కాగితం నకలు పట్టుకుని టీచరమ్మ ఇంటికి వెళ్లాను. ఫిర్యాదుకు అది బలమవుతుందని, అవసరమైతే వచ్చి చెబుతానని అన్నాను. ముఖం చూసి సరే అనే నా అలవాటు సంగతీ చెప్పాను. ఆవిడ అంతా విని, వంటింట్లోకి వెళ్లి అలమర తెరిచింది. గీతల నోటుపుస్తకాలు, ఇరవై పైనే. పేజీల నిండా ఆవిడ సంతకమే.

"చెయ్యి వణకడం మొదలైనప్పటి నుంచీ ప్రతి సాయంత్రం ఒక పేజీ రాస్తున్నానమ్మా. సంతకం కలవకపోతే నువ్వు వెనక్కి పంపుతావని భయం. మా మేనల్లుడు పక్కనే కూర్చుని చూసేవాడు. వీటిని చూసే నేర్చుకున్నాడు."

నేను స్టూలు లాక్కుని కూర్చున్నాను. ఆవిడ కోపంగా కూడా అనలేదు. "నువ్వు చూసేది నా ముఖాన్నేనని ఒక్కసారి చెప్పి ఉంటే, ఇవేవీ రాసేదాన్ని కాదు కదమ్మా," అంది.

పుస్తకాలు ఒక్కొక్కటీ తిరగేశాను. ఇరవై రెండేళ్లలో ఆవిడ సంతకాన్ని నిజంగా చూడటం నాకు అదే మొదటిసారి.

నీ చెల్లెలు