అన్నను లేపే తీరు

అమ్మా,

చెప్పుకోనీకె ఇంట్ల ఎవరు లేక నీకే రాస్తున్న. నీ ఏడాది మాసికం అయినంక అన్నకు పెండ్లి చేసినం. పెండ్లయితే ఫౌజుల ఉన్నప్పటి కార్గిల్ లడాయి సంగతి మర్చిపోతడని నాయిన ధీమా.

ఫౌజోళ్ల ఇండ్లు తిరిగి అరుసుకునే సంగారెడ్డి మేడం పెండ్లికొచ్చింది. అన్న నిద్రల ఉంటే ముట్టొద్దు, గడప కాడ నిలబడి పేరు పెట్టి పిలవాలె అని మనకు నేర్పింది ఆమెనే గదా. "పిల్లకు చెప్పిన్రా?" అని అడిగింది. చెప్పినమని నాయిన ఆమె విస్తరిల ఇంకో లడ్డు వేసిండు.

చెప్పలే. చెప్తే పిల్లనియ్యరని నా నోరు గూడ మూయించిండు. పదారు రోజుల పండుగ అయినంక చెప్దామంటున్నడు. నువ్వొక్కసారి మర్చిపోయి నిద్రల ఉన్న అన్న భుజం తట్టినవ్. విరిగిన చెయ్యికి కట్టు కట్టించుకుంట, బాయికాడ జారి పడ్డ అని డాక్టరుకు చెప్పినవ్. ఆనాడు గూడ నాయిన పక్కనే ఉండె.

పెండ్లి సెలవు అయిపోయి అన్న నిన్న రాత్రి గడ్డపోతారం కంపెనీల కావలికి వోయిండు. పొద్దుగాల వచ్చి పండుకున్నడు. ఇన్ని దినాలు వదినె కంటె ముందుగాలనే లేచెటోడు.

"మీ అన్నది ఏం మొద్దు నిద్ర! లేపి చాయ్ ఇస్త" అని వదినె ఇప్పుడే నవ్వుకుంట అన్నది. నాయిన నా దిక్కు చూసి తల దించిండు.

ఉత్తరం ఆపుతున్న అమ్మా. ఆమె గాజుల చప్పుడు అన్న పండుకున్న అర్ర దాకా వోయింది.