పొయ్యిలో కలంకారీ అచ్చులు

మంగళవారం, రాత్రి

మొగుళ్ళకు ఈసీజీ చదవడం ఎవరు నేర్పుతారో తెలియదు. ఆదిలక్ష్మి మొగుడు ఇవాళ డాక్టర్నైన నాకే పాఠం చెప్పాడు.

నిన్న పెడన నుంచి ఆమెను గుండెనొప్పితో తెచ్చినప్పుడు ఈసీజీలో గీత సరిగ్గా గుండెపోటులాగే పైకి లేచి ఉంది. ఆ కాగితం ఒక్కటే చూసి తేడా చెప్పడం ఎవరి తరమూ కాదు. అందుకే యాంజియోగ్రామ్ చేయించాం. రక్తనాళాల్లో ఎక్కడా అడ్డు లేదు. ఎకో స్కాన్‌లో మాత్రం గుండె కొన బుడగలా ఉబ్బి, కదలడం మానేసింది. మనసుకు పెద్ద దెబ్బ తగిలితే గుండె ఇలా అవుతుంది.

ఇదంతా విని ఆ పెద్దమనిషి నవ్వాడు. "నరాలు బాగున్నాయంటే ఏం లేనట్టేగా మేడమ్. మా ఆవిడది మొదట్నుంచీ యాక్షనేనండి."

అసలు సంగతి ఆమె చెల్లెలు వరండాలో చెప్పింది. వాళ్ళ నాన్న చెక్కిన కలంకారీ అచ్చులను, ఆమె ముప్పై ఏళ్ళుగా గుడ్డ మీద అద్దుతున్నవాటిని, ఈయన పొయ్యిలో పెట్టి స్నానానికి నీళ్ళు కాచుకున్నాడట. టేకు చెక్క, బాగానే మండి ఉంటుంది.

నొప్పి రాకముందు ఏం జరిగిందమ్మా అని ఆమెను అడిగాను. అతని ముందే అడిగాను, నా తెలివి తగలెయ్య. ఆమె అతని వంక చూసింది.

"ఏం లేదండీ. పొయ్యి దగ్గర పొగ పీల్చాను."

"అదేనండి, పొగ," అన్నాడతను.

కేసు షీటులో మానసిక ఒత్తిడి అని రాసి సంతకం పెట్టాను. శుక్రవారం డిశ్చార్జి. ఆ పొయ్యి దగ్గరికే.