పిల్లను రానివ్వని గొర్రె

ప్రియమైన మీకు,

క్షేమంగా చేరాను. అమ్మాయి ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చేసింది. కాన్పు కష్టమై చివరికి ఆపరేషన్ చేశారు కదా, కుట్లు ఇంకా మానలేదు. పాప బాగుంది. మీ ముక్కే వచ్చింది, పాపం.

అసలు సంగతి వేరే ఉంది. అమ్మాయి పాపను దగ్గరకు తీసుకోవడం లేదు. గోడవైపు తిరిగి పడుకుంటుంది. పాప ఏడిస్తే పక్కింట్లో ఎవరో ఏడుస్తున్నట్టు ఊరుకుంటుంది. ఫోన్లో చెబుదామంటే ఈ రెండు గదుల ఇంట్లో గుసగుస కూడా వినబడుతుంది, అందుకే ఉత్తరం. పాలు కలపడం, గుడ్డలు ఉతకడం, మళ్లీ పాలు. నాకు నడుం వంగడం లేదు. అల్లుడు పని నుంచి వచ్చి పాపను అందుకుంటేనే నేను కూర్చునేది.

మీరు వేళకు తింటున్నారా? గొర్రెలు ఈనాయా?

మీ
ఇంటావిడ

ప్రియమైన ఇంటావిడకి,

తింటున్నాను, ఏం తింటున్నానని అడక్కు. మన నల్లచెవి గొర్రె ఈనింది. పిల్ల తల బయటికొచ్చింది గానీ ముందుకాలు ఒకటి లోపలే మడత పడిపోయింది. చేతికి సబ్బు రాసుకుని, తలను మెల్లగా వెనక్కి నెట్టి, ఆ కాలు వెతికి పట్టుకుని లాగేసరికి దానికీ నాకూ ప్రాణం పోయినంత పనైంది. పిల్లలో కదలిక లేదు. నోట్లో జిగురు తీసి, ముక్కులో గడ్డిపరక పెట్టి కదిపితే తుమ్మింది. గోనెసంచితో ఒళ్లంతా రుద్దాను.

తీరా తల్లి ముందు పెడితే వాసన చూసి తలతో కుమ్మింది. నాకడం మాట అటుంచు, పొదుగు దగ్గరికే రానివ్వడం లేదు. మొదటి పాలు పడకపోతే పిల్ల దక్కదు. అందుకని తల్లిని గుంజకు బిగించి కట్టేసి, వెనకకాళ్లు నేను పట్టుకుని తాగిస్తున్నాను. రోజంతా ఇదే పని. చేతులు పీకేస్తున్నాయి.

అమ్మాయిని నువ్వు మరీ గారాబం చేస్తున్నావేమో. కాస్త గట్టిగా చెప్పి పాపను ఒళ్లో పెట్టు. అదే అలవాటైపోతుంది.

నీ
గొర్రెల మనిషి

ప్రియమైన మీకు,

మీ సలహా విన్నందుకు నన్ననాలి. గట్టిగానే చెప్పి పాపను ఒళ్లో పెట్టాను. "తీసేసుకో అమ్మా, పడేస్తానేమో," అంది. తీసుకున్నాను.

సాయంత్రం తనే, నాన్న ఏం రాశాడని అడిగింది. తన గురించి రాసింది వదిలేసి గొర్రె సంగతి చదివాను. నేను వచ్చాక మొదటిసారి నావైపు తిరిగి వింది.

"ఇంకా కట్టేసే ఉంచాడా?"

పిల్ల బతకాలి కదా అన్నాను.

"దానికి ఎక్కడో నొప్పిగా ఉందమ్మా. చెప్పుకోలేదు కదా. విప్పేయమను."

నేను వంటగదిలోకి వెళ్లి, కుళాయి తిప్పి ఊరికే నిలబడ్డాను.

మర్నాడు అల్లుడూ నేనూ తనను డాక్టరమ్మ దగ్గరకు తీసుకెళ్లాం. కాన్పు తర్వాత కొందరికి ఇలా అవుతుందట. జబ్బేనట, మొండితనం కాదట. మందులిచ్చి, బాగా నిద్రపోనివ్వమంది.

ముందు మీరు ఆ గొర్రెను విప్పండి.

మీ
ఇంటావిడ

ప్రియమైన ఇంటావిడకి,

విప్పాను. విప్పి, పక్కన కూర్చుని పొదుగు తడిమి చూశాను. ఒక పక్క రాయిలా గట్టిపడి వేడిగా ఉంది. ముట్టుకుంటేనే ఒళ్లు ముడుచుకుంది. పిల్ల నోరు పెట్టినప్పుడల్లా ఎంత బాధపడిందో. పాలు దిగుతున్నాయా లేదా అని చూశానే గానీ, అక్కడ చెయ్యి వేసి చూడలేదు. పశువుల డాక్టరు వచ్చి సూది వేశాడు. వాపు తగ్గుతుంది గానీ ఆ పక్క పాలు ఇక రాకపోవచ్చన్నాడు.

పిల్లకు సీసాతో పాలు పడుతున్నాను. పొయ్యి పక్కన అట్టపెట్టెలో పడుకుంటోంది. కాలు కుంటుతోంది, అయినా నా అడుగు వినబడితే లేచి అరుస్తుంది. తల్లి దానివైపు చూడటం లేదు. చూడకపోయినా సరే, నేనిక పిల్లను దాని మీదికి తోయను. మేత తిని పడుకుంటోంది, అంతే చాలు. సీసా చేతిలో ఉండగానే నేనూ కునికిపాట్లు పడుతున్నాను.

తన మాటే నిజమైందని అమ్మాయికి చెప్పు. పోయిన ఉత్తరం చివర నేను రాసింది దానికి చదవలేదు, మంచి పని చేశావు.

నీ
గొర్రెల మనిషి

ప్రియమైన మీకు,

ఈసారి మీ ఉత్తరం ఒక్క ముక్కా వదలకుండా అమ్మాయికి చదివాను. ఇంకోసారి చదవమంది.

నేనూ తోయడం మానేశాను. పాపను అల్లుడూ నేనూ చూసుకుంటున్నాం. అమ్మాయి మందులు వేసుకుని పడుకుంటోంది. చాలా రోజులు ఏ మార్పూ లేదు. నిన్న మధ్యాహ్నం పాపను తొట్టిలో వేసి, పక్కనే కుర్చీలో కూలబడ్డాను. ఎప్పుడు కన్నంటుకుందో తెలియదు. లేచేసరికి తొట్టి ఖాళీ. అల్లుడు పనిలో ఉన్నాడు. అమ్మాయి మంచమూ ఖాళీయే. గది బయటికి పరిగెత్తాను.

వంటగదిలో నేలమీద కూర్చుని ఉంది. పక్కన ఖాళీ సీసా. పాప భుజం మీద నిద్రపోతోంది. తను ఏడుస్తోంది, పాప లేవకుండా, చప్పుడు రానివ్వకుండా. నేను చేతులు చాపాను. ఇవ్వలేదు.

"గుక్కపట్టి ఏడ్చింది, నీకు మెలకువ రాలేదు," అంది. "బాగా అలిసిపోయావమ్మా. వెళ్లి పడుకో."

ఇవాళ పొద్దున మళ్లీ గోడవైపే తిరిగింది. ఒకరోజు బాగుండి ఒకరోజు ఉండదని డాక్టరమ్మ ముందే చెప్పింది. నాకు తొందర లేదు. ఇంకో నెల ఇక్కడే ఉంటాను, మీరు వంట మాడ్చుకుంటూ గడపండి. కానీ నిన్న, అమ్మాయి మంచం మీదే పడుకున్నాను. లైట్లు వేసేదాకా నిద్రపోయాను. ఎవరూ నన్ను లేపలేదు.

మీ
ఇంటావిడ