నా వెంట అనవలసిన మాట

బెల్లంపల్లి
జూలై, 1961

ప్రియమైన సక్కక్కకు, నీ చెల్లెలు నర్మద వందనాలు.

ప్రార్థనలో చెప్పుకుంటే చాలనుకున్నాను. వారం నుంచి ప్రార్థనే నోటికి రావడం లేదు. అందుకే కలం పట్టాను.

మా ప్రార్థన గుడి ఊడ్చే కొమురవ్వ నీకు తెలుసు. పోయిన క్రిస్మసుకు నీ దగ్గర పాట నేర్చుకున్న పిల్ల. శనివారం ఊడుస్తుంటే సంఘపెద్ద లక్ష్మీరాజం తలుపు మూసి బలవంతం చేశాడు. ఆ సాయంత్రమే వచ్చి నాతో చెప్పింది. నేను పాస్టరు అయ్యగారికి చెప్పాను. ఆయన లక్ష్మీరాజాన్ని తన గదిలో కూర్చోబెట్టి ప్రార్థించారు. అతడు ఏడ్చాడు. క్షమించేశారు.

"ఇద్దరు పాపంల పడిపోయిండ్రు నర్మదమ్మా. పెద్దమనిషి ఒప్పుకున్నడు. ఇగ పిల్ల సంఘం ముందర ఒప్పుకుంటే అయిపాయె" అన్నారు. ఆరాధనలో ప్రభువు బల్ల దగ్గర అందరికీ పంచే రొట్టె అప్పటిదాకా ఆమెకు లేదు. మొన్న ఆదివారం కానుకల సంచి పట్టింది మాత్రం లక్ష్మీరాజమే.

చదువు రాని ఆడవాళ్లకు బైబిలు స్త్రీగా నేను ప్రార్థన ఒక్కో మాట చెబితే, వాళ్లు నా వెంట అంటారు కదా. "నేను పాపము చేసితిని" అని కొమురవ్వ చేత కూడా నేనే అనిపించాలట.

"గుడి ఊడ్సుడు పాపమా, అమ్మగారూ?" అని అడిగింది, ఈ సంగతి చెబితే. ఎత్తిపొడుపేమోనని ముఖం చూశాను. కాదు, నిజంగానే అడుగుతోంది.

క్షమించాలని ఆమెకు నేర్పింది నేనే. ఇప్పుడు ఎవరు ఎవరిని క్షమించాలో నాకే తెలియడం లేదు. ఏం చేయమంటావు?

నీ నర్మద

చెన్నూరు
జూలై, 1961

ప్రియమైన చెల్లెకు దీవెనలు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మన బాపు బతికుంటే అయ్యగారి గొడుగు గుంజుకుని వానలో నిలబెట్టేవాడు. మనకు అంత ధైర్యం ఎక్కడిది? ఇరవై ఏళ్లుగా నీకు ఆ గుడే ఇల్లు. దాన్ని విడిచి ఎక్కడికి పోతావు?

కొమురవ్వ చేత నోటితో అనిపించు. మనసుతో అనవద్దని చెప్పు. దేవుడు చూసేది మనసునే. తర్వాత పిల్లను నా దగ్గరికి పంపు. ఇక్కడ ఎవరూ ఏమీ అడగరు.

ఇలా రాయడం సరైనదో కాదో నాకూ తెలియదు.

నీ అక్క సక్కుబాయి

బెల్లంపల్లి
ఆగస్టు, 1961

ప్రియమైన అక్కా,

నువ్వు చెప్పినట్టే చేద్దామని ఆదివారం గుడికి వెళ్లాను. కొమురవ్వ ముసుగు వేసుకుని, నా కొంగు పట్టుకుని నిలబడింది. లక్ష్మీరాజం ద్రాక్షారసం పాత్ర పక్కన ఉన్నాడు.

"ప్రభువా" అన్నాను. "ప్రభువా" అంది. "నేను" అన్నాను. "నేను" అంది.

తర్వాతి మాట రాలేదు. కావాలని చేయలేదు, నమ్ము. ఎందరి చేతనో అనిపించిన మాట నాలుక మీదే ఆగిపోయింది. అయ్యగారు దగ్గారు. కొమురవ్వ నా వంక చూసి, కొంగు వదిలేసింది.

"నేను గుడి ఊడుస్తున్న. లక్ష్మీరాజం తలుపేసిండు. నేను మొత్తుకున్న. గంతే."

ప్రార్థన ముగిసిందనుకుందో ఏమో, వెనక చాప మీది నుంచి ముసలి శంకరవ్వ "ఆమేన్" అంది. ఆమె వెంట ఆడవాళ్లంతా అన్నారు. అలవాటుకొద్దీ అన్నారో, తెలిసే అన్నారో నాకు తెలియదు.

ఆ రోజు రొట్టె ఎవరికీ పంచలేదు. అయ్యగారు నన్ను పని మానుకోమన్నారు. లక్ష్మీరాజం సంగతి చూద్దామన్నారు. చెన్నూరు పొమ్మంటే కొమురవ్వ, "నేనెందుకు పోవాలె? గుడి ఎవలు ఊడుస్తరు?" అంది. శనివారం మళ్లీ చీపురు పట్టుకుని పోయింది. తలుపు దగ్గర నేను కూర్చున్నాను.

నా నోరు మూసింది పిరికితనమో, దేవుడో తేల్చుకోలేకపోతున్నాను.

ఈ కాగితాలు నీ పెట్టెలో దాచు. ఎవరికీ చూపకు. చెప్పాలనుకుంటే కొమురవ్వే చెప్పుకుంటుంది. ఆమెకిక నేను మాట అందించనక్కర లేదు.

నీ నర్మద