రెండు గీతల నట్టు

బావగారికి,

క్షమాపణ రాసిమ్మన్నారు. రాయను. మీరు ఫోర్‌మన్, నేను మీ కింద ఫిట్టర్ని, పైగా మీ మరదల్ని. అయినా రాయను.

నిన్న అందరి ముందూ ధాన్యం జల్లెడ మిషను ఆపేసింది పొగరుతో కాదు. అది పొద్దస్తమానం గజగజలాడుతుంది. అందుకే దానికి మూతి కాస్త నొక్కి చేసిన, బోల్టును కరిచి పట్టుకునే ఇనుప లాక్‌నట్లు వాడతాం. పానా లేకుండా వేళ్ళతో తిరిగిందంటే పట్టు పోయినట్టే, పారేయాలి. ఈ పాఠం చెప్పింది మీరే. బిగించాక నట్టు మీంచి బోల్టు మీదికి ఎర్ర గీత గీయమన్నదీ మీరే. గీత విడిపోతే నట్టు కదిలిందని అర్థం.

నిన్న గీతలన్నీ తిన్నగానే ఉన్నాయి. కానీ రంగు వేలికి అంటుకుంది. గీకి చూస్తే కింద పాత గీత, పక్కకి జరిగిపోయి. నట్టు మార్చకుండా గీత మార్చారన్నమాట! అడిగితే, "కొత్తవి వచ్చేదాకా నెట్టుకొద్దాం లేమ్మా" అన్నారు. ఆ జల్లెడ కిందే మా అక్క కూర్చుని బస్తాలు కుడుతుంది. మర్చిపోయారా?

ఆ రెండు గీతల నట్లలో ఒకటి విప్పి ఈ కాగితంలో చుట్టి పంపుతున్నాను. అదే బోల్టుకి వేళ్ళతో ఎక్కించి చూడండి. మధ్యలో పట్టేస్తే క్షమాపణేం ఖర్మ, ఉద్యోగమే మానేస్తాను. గిర్రున దిగిపోతే మాత్రం, రేపు అక్క కుర్చీలో మీరు కూర్చోండి. మిషను నేనే ఆన్ చేస్తాను.

మీ మరదలు