ఎనిమిది పాయల తాడు

వయిమెయా,
1976 జూన్ 19

నాన్నా,

హొనొలులూలో అక్క పెట్టే తిండి నీకు సయించడం లేదని తెలుసు. ఎండబెట్టిన గొడ్డుమాంసం పొట్లం కట్టి పంపుతున్నాను. నీ కాలినొప్పి సంగతి అడగను. అడిగితే బాగానే ఉందని అబద్ధం రాస్తావు.

అసలు కబురు విను. ఈ జూలై నాలుగున రోడియో పందేల్లో మన పశువుల ఎస్టేటు మేనేజరు కొడుకు వాల్టర్ నీ తాడుతో బరిలోకి దిగుతున్నాడు. అవును, నీ ఎనిమిది పాయల తోలుతాడే! ముప్ఫై ఒక్క ఏళ్లు ఆ పశువుల వెంట తిరిగి కాలు విరగ్గొట్టుకున్నావు. వారం తిరక్కుండా నిన్ను గెంటేస్తూ, "తోలు మాది, తాడూ మాదే" అని మేనేజరు బెన్సన్ లాక్కున్నాడు చూడు, అదే. తొమ్మిదేళ్లుగా హాల్లో గోడకు తగిలించి, వచ్చిన ప్రతి అతిథికీ "మా తాత అల్లింది" అని చెప్పుకుంటున్నాడు. ఇప్పుడు ఆ మాటే మైకులో చెబుతాడట.

కాలేజీ కుర్రాళ్లు పంచిన కరపత్రాలు నువ్వు తిట్టినా చదువుతూనే ఉన్నాను. మన నేల లాక్కున్నవాడు మన పేరు కూడా లాక్కుంటాడని ఒకదాంట్లో రాశారు. చదవగానే ఒళ్లు మండిపోయింది. ఈ జూలై నాలుగుకి దేశానికి స్వాతంత్ర్యం వచ్చి రెండు వందల ఏళ్లని ఊరంతా జెండాలు కడుతున్నారు. ఎవరికి వచ్చిందట? ఊరంతా చూస్తుండగా ఆ మైకు లాక్కుంటాను. నా ఉద్యోగం పోతే పోనీ. ఆ దొర నోటితోనే నీ పేరు చెప్పించకపోతే నేను నీ కొడుకునే కాను.

నీ మకాయో


హొనొలులూ,
జూన్ 25

ఒరేయ్ మకాయో,

మాంసం అందింది. ఉప్పు ఎక్కువేశావు.

మైకూ వద్దు, అరుపులూ వద్దు. నోరు మూసుకుని జనంలో కూర్చో. తాడు లాక్కుంటాడని నాకు ముందురోజే తెలిసింది. ఆ రాత్రే ఉచ్చుకు రెండు మూరల దూరంలో అల్లిక విప్పి, లోపలివైపు రెండు పాయలు సగానికి కోసి, పైన మళ్లీ అల్లేశాను. దొర వేళ్లకు తెలియదు. ఎద్దు లాగితే మాత్రం తెలుస్తుంది. తొమ్మిదేళ్లుగా దాన్ని ఎవడో ఒకడు గోడమీంచి దించుతాడని ఎదురుచూస్తున్నాను. నువ్వు చెయ్యెత్తక్కర్లేదు. చూసి నాకు రాయి, చాలు.

ఈ కాగితం కాల్చెయ్.

పలాకికో


వయిమెయా,
జూలై 5

నాన్నా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివి పొయ్యిలో వేశాను. ఆరోజు నేను ఈలవేస్తూ తిరిగిన మాట నిజం. మా నాన్న ఎంత మొనగాడు అనుకున్నాను.

నిన్న టోపీకి పూలదండ చుట్టుకుని అందరికంటే ముందు వెళ్లాను. ఎద్దుకు ఉచ్చు వేసి పంగల గుంజకు కట్టే పందెం. ఉచ్చు వేశాక మనిషి గుర్రం మీంచి కిందకు దిగాలి కదా. అప్పుడు తాడు తెగితే ఎద్దుకూ వాడికీ మధ్య ఏమీ ఉండదు. అది దగ్గర్నుంచి చూడాలని గేటు దగ్గర నిలబడ్డాను.

వాల్టర్ గుర్రం మీద నా పక్కకే వచ్చి ఆగాడు. తాడు జీనుకు వేలాడుతోంది. కొవ్వు రాసి రాసి నిగనిగలాడించాడు.

"ఏంటిరా అలా చూస్తున్నావ్, కొరుక్కు తింటావా?" అన్నాడు.

"మీ ముత్తాత పనితనం చూస్తున్నాలే" అన్నాను.

వాడు వెనక్కి చూసి గొంతు తగ్గించాడు. "చిన్నప్పుడు మీ నాన్న దీన్ని అల్లుతుంటే కొట్టంలోనే కూర్చునేవాణ్ణిరా. పాయ ముట్టుకుంటే చేతిమీద ఒక్కటిచ్చేవాడు. ఇది ఆయన తాడని మా నాన్నకి చెప్పినా వినడు. ఇవాళ గెలిస్తే ఈ తాడు తీసుకెళ్లి మీ నాన్నకే ఇచ్చేస్తా. మా నాన్నతో మాత్రం చెప్పకు."

శత్రువు కొడుక్కి నా తండ్రి చేతులు నాకంటే బాగా గుర్తుంటే ఏం చెయ్యాలో ఏ కరపత్రంలోనూ రాయలేదు నాన్నా.

గేటు తీస్తున్నారు. కత్తి తీశాను. ఉచ్చు నుంచి రెండు మూరలు కొలిచి సరిగ్గా నీ కోతకు అటూ ఇటూ కోశాను. ఆ చోటున్న జానెడు ముక్క జేబులో పడేసుకున్నాను. ఇక నీ రహస్యం ఎవరికీ దొరకదు.

వేదిక మీద మేనేజరు చేతిలో మైకు ఉందన్న సంగతే మరిచిపోయి గావుకేక పెట్టాడు. "ఓరి వెధవా! అది మీ నాన్న అల్లిన తాడురా! పలాకికో తాడురా! అలాంటిది ఈ దీవిలో ఇంకొకడు అల్లగలడా?"

మైదానమంతా వినబడింది. ముసలి కౌబాయిలు ఒక్కొక్కరే నీ పేరుకు టోపీలు తీశారు. నాకోసం కాదు. నన్ను చూసి ఉమ్మేశారు, తండ్రి తాడు నరికిన దరిద్రుడని. ఉద్యోగం అక్కడికక్కడే ఊడింది. ఏ రోడియోలోనూ అడుగుపెట్టనివ్వరట.

అయినా నా పగ తీరింది. నీ పగ మాత్రం తీరనివ్వలేదు. దొరను ఇప్పటికీ క్షమించలేదు. నీ మీదా కోపంగా ఉంది. వాల్టర్ చచ్చిపోయి ఉంటే ఆ చావును మోస్తూనే నీ పేరు చెప్పుకుని నేను జీవితాంతం గర్వపడాల్సి వచ్చేది.

మన ఎర్రావు పోయిన నెల చచ్చింది. తోలు ఉప్పేసి ఉంచాను. అది మనదే, ఎవడూ లాక్కోలేడు. వచ్చెయ్ నాన్నా. కొత్త తాడు అల్లు.

ఈసారి నా కళ్ల ముందు అల్లు.

నీ కొడుకు
మకాయో